మొదటి వరస

“అలా కాదమ్మాయ్, కుడిచేత్తో!” అంటూ అత్తయ్య కోడలి ఎడమచేతిలోని క్రోషే సూదిని లాగి కుడిచేతిలో పెట్టింది. మూడు రోజుల్లో ఇది ఎన్నోసారో ఇద్దరికీ గుర్తు లేదు.

“నాది ఎడమచేతి వాటం కదా అత్తయ్యా.”

“అయితే? నేను ఇటు చూపిస్తే నువ్వు అటు లాగుతావు. ఇక నేర్పినట్టే!”

కోడలికి ఏడో నెల. బిడ్డకు మొదటి దుప్పటి తన చేత్తోనే అల్లాలని పట్టు. ఈ సాయంత్రంలోగా ఒక్క వరసైనా తిన్నగా రాకపోతే ఊలు తనకిచ్చేయమని, తనే అల్లేస్తానని అత్తయ్య తేల్చి చెప్పేసింది.

“నీ చేయి తిరిగేదాకా ఆ బుజ్జిముండ లోపలే ఆగుతుందేంటి?”

కుడిచేతిలో సూది పరాయిదానిలా ఉంది. దాని కొక్కేనికి దారం తగలదు, తగిలితే వదలదు. మొదటి వరసలో ఇరవై కుట్లు, రెండో దాంట్లో పదిహేడు, మూడో దాంట్లో పద్నాలుగు.

“దుప్పటి అల్లమంటే గాలిపటం తోక అల్లుతున్నావే!” అని నవ్వి, అత్తయ్య బట్టలు మడతపెట్టడానికి లోపలికి వెళ్లింది. కోడలు అల్లిందంతా విప్పేసింది.

బయట సన్నగా వాన మొదలైంది. కిటికీలోంచి వచ్చే పలచని వెలుగులో ఒళ్లోని నీలం ఊలు ఉండ, దారి తప్పి ఇంట్లోకొచ్చిన మబ్బుముక్కలా ఉంది. కడుపులో బిడ్డ నెమ్మదిగా ఒత్తిగిలింది. కోడలికి కళ్లు మూతలు పడ్డాయి. ఒక ముడిలోంచి ఇంకో ముడి, అందులోంచి మరొకటి. ఎవరో చిన్న వేలు పట్టుకుని మెత్తటి దారిలో నడిపిస్తున్నట్టుంది. వాన పడుతోందో తను అల్లుతోందో తెలియడం లేదు.

“ఇదెవరల్లారు?”

ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. ఎదురుగా అత్తయ్య. ఒళ్లోంచి రెండు వేళ్ల వెడల్పు పట్టీ వేలాడుతోంది. సూది ఎడమచేతిలో ఉంది.

“నిద్రమత్తులో చెయ్యి దానంతటదే... విప్పేస్తాను అత్తయ్యా.”

“ఆగాగు.” అత్తయ్య పట్టీని వెలుగుకు ఎత్తి, అంచు వెంట వేలు పోనిచ్చింది. ఇరవై కుట్లు. పై వరసలోనూ ఇరవై. ఆ పైన చిక్కు.

“మలుపు దగ్గర తికమకగా ఉంది,” అంది కోడలు ఆశగా. “మీరు నా ఎదురుగా కూర్చోండి. అద్దంలో చూసినట్టు చూసి నేర్చుకుంటా.”

“ఎదురుగా అక్కర్లేదు.”

కోడలి మొహం వాడిపోయింది. సూది, ఊలు ఉండ తీసి అత్తయ్య చేతిలో పెట్టేసింది. “అయితే మీరే అల్లండి.”

అత్తయ్య లోపలి గదిలోకి తొంగిచూసింది. మామయ్య గురక సాగుతోంది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి వచ్చి, కోడలి పక్కనే ఆనుకుని కూర్చుంది. సూది ఎడమచేతిలోకి మార్చుకుంది. చూస్తుండగానే గబగబా పది కుట్లు పడ్డాయి.

“అత్తయ్యా! మీరూ...”

“ష్! ముప్ఫై ఏళ్ల నుంచీ మీ మామయ్యకే తెలీదు. ఆయన లేచేలోపు నేర్చుకో.”