ఆరని ఇంజన్ దీపం

కార్ల మేస్త్రీ గాలిబ్ తన గొంతు కోశాడని హజ్జీ తైసీర్ జర్కా ఊరంతా చెప్పుకు తిరిగాడు. మసీదు మెట్ల మీద చెప్పాడు. రొట్టెల కొట్టు దగ్గర వరసలో నిలబడి చెప్పాడు. వినకుండా పోయేవాణ్ణి చొక్కా పట్టుకుని ఆపి మరీ చెప్పాడు.

గొడవంతా కారులో వెలిగే పసుపు దీపం గురించి. స్టీరింగ్ వెనక ఇంజన్ బొమ్మ వెలుగుతుంది. గాలిబ్ షెడ్డుకి తీసుకెళితే ఆరుతుంది. వారం తిరక్కుండా మళ్లీ వెలుగుతుంది. అది వెలుగుతుండగా తనిఖీకి వెళితే బండికి లైసెన్సు రాదు.

గాలిబ్ కంప్యూటర్ తగిలించి చూశాడు. సైలెన్సర్ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సార్ పోయిందన్నాడు.

"డబ్బు చూడకు. సీలున్న కొత్తది కొనుక్కొచ్చి వెయ్యి," అన్నాడు తైసీర్.

వేశాడు. మళ్లీ వెలిగింది. ఇంకో కొత్తది వేశాడు. అయినా వెలిగింది. ప్లగ్గులు మార్చాడు. వైర్లన్నీ తడిమి చూశాడు. పెట్రోలు మూత కూడా మార్చాడు. దీపం మాత్రం తైసీర్ మొహంలోకి చూసి వెక్కిరిస్తూనే ఉంది.

చివరికి గాలిబ్ తను వేసిన కొత్త సెన్సార్‌నే విప్పి మీటరు పెట్టాడు. ముల్లు కదల్లేదు.

"బండిలో ఇంకే లోపమూ లేదు హజ్జీ. నేను వేసిందే చచ్చిన సెన్సార్."

తైసీర్ దాన్ని లాక్కుని వెలుతురులో తిప్పి చూశాడు. ఒక్క చూపులో పట్టేశాడు.

"పాతదాన్ని పెట్రోలుతో కడిగి, మొనకి గరుకు కాగితం రుద్ది, మరలకి గ్రీజు పూశారు. ముప్ఫై ఏళ్లుగా బజార్లో కొట్టు నడుపుతున్నవాణ్ణిరా! నాతోనా ఆటలు? నా బండిలోంచి తీసిందే కడిగి మళ్లీ నాకే వేశావు!"

"లేదు హజ్జీ. డబ్బా సీలు నేనే చింపాను. అది కొన్నదే."

"ఎక్కడ కొన్నావు?"

గాలిబ్ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"అది అడక్కండి. అమ్మాన్ నుంచి మంచిది నా ఖర్చుతో తెప్పిస్తాను. ఇక్కడితో వదిలెయ్యండి."

"నీ ముష్టి ఎవడిక్కావాలి? చెప్పడానికి నోరు పెగల్లేదు చూడు, దొంగ వెధవకి!"

శుక్రవారం నమాజు కాగానే పంచాయితీ షేక్ మిస్లిహ్ ఇంటికి చేరింది. ఇద్దరి తెగకీ ఆయనే పెద్ద. ముసలాయన తన చేత్తోనే కాఫీ పోసి తైసీర్‌కి అందించాడు. తైసీర్ తాగలేదు. కప్పు కింద పెట్టేశాడు.

అలా పెడితే ఏదో కోరుతున్నట్టు, అది తెగ ఆచారం. కప్పు కింద పెట్టినవాడు అడిగింది ఇవ్వకపోతే ఇంటిపెద్ద మొహం నల్లబడుతుంది. ఇస్తానన్నాక మరి వెనక్కి లేదు.

"ఏం కావాలోయ్ తైసీర్?"

"ఆ చచ్చిన సెన్సార్‌ని కొత్తదని అమ్మినవాడు, కొని మోసపోయినవాడికి నాలుగు దునుముల ఆలివ్ తోట రాసివ్వాలి. మాటివ్వండి, తాగుతాను."

వింటున్నవాళ్లు నోళ్లు తెరిచారు. అజ్లూన్ కొండ మీద ఇద్దరి తోటలూ పక్కపక్కనే. ఇద్దరికీ ఉన్నది నాలుగేసి దునుములే, అంటే చెరో ఎకరం. గాలిబ్ పిల్లలు ఏడాది పొడుగునా తినేది ఆ నూనే.

"బొటనవేలంత సెన్సార్‌కి తోటా? మతి ఉండే మాట్లాడుతున్నావా?" అన్నాడు షేక్.

"సెన్సార్‌కి కాదు. నన్ను వెర్రివాణ్ణి చేసినందుకు! అమ్మినవాడు ఎవడైనా సరే. నా కడుపున పుట్టినవాడైనా సరే!"

గాలిబ్ లేచి వచ్చి ముందు కూర్చున్నాడు.

"హజ్జీ, మీ గడ్డం పట్టుకుంటాను. ఆ మాట వెనక్కి తీసుకోండి. తప్పు నాదే అనుకోండి. కాఫీ తాగెయ్యండి."

"ఇప్పుడొచ్చిందా భయం? తోట పోతుందని ఏడుపొస్తోందా? ఏడువు! నలుగురూ చూస్తారు."

షేక్ కింద ఉన్న కప్పు తీసి తైసీర్ చేతికిచ్చాడు.

"సరే. మాటిచ్చాను. తాగు."

తైసీర్ ఒక్క గుక్కలో తాగి, ఇక చాలన్నట్టు కప్పు ఊపి ఇచ్చేశాడు. మీసం తుడుచుకుని గోడకి చేరగిలబడ్డాడు.

"ఇక దాచడానికి లేదు గాలిబ్. ఎక్కడ కొన్నావో చెప్పు," అన్నాడు షేక్.

హజ్జీ బండి కదా, ఆ బేరమేదో హజ్జీకే దక్కాలని రెండుసార్లూ తైసీర్ సొంత స్పేర్ పార్టుల కొట్లోనే కొన్నానని గాలిబ్ తల ఎత్తకుండా చెప్పేసరికి, అజ్లూన్ కొండ మీద తైసీర్ పోగొట్టుకున్నది తాతలనాటి నాలుగు దునుముల ఆలివ్ తోట.