హాల్వర్సన్ వీధి

"ఆ బోర్డు ఊడబీకేదాకా నేను ఊరుకోను. మీవాళ్లకి చెప్పుకోండి!"

చలిలో నిలబడి అరిచింది డెనీస్.

వీధి మొదట్లో ఓ ముసలాయన కారు బ్రష్‌తో బోర్డు మీది మంచు దులుపుతున్నాడు. 'హాల్వర్సన్ వీధి' అన్న అక్షరాలు, పక్కనే అది సైనికుడి పేరని చెప్పే ఎర్ర గసగసాల పువ్వు బయటపడ్డాయి.

"మావాళ్లెవరమ్మా?"

"మాజీ సైనికుల సంఘం. పేరు మార్చొద్దని గోల చేస్తున్నది మీరేగా? పైగా రోజూ ఇక్కడ కాపలా ఒకటి!"

"ఈ వయసులో నేనేం కాపలా కాస్తాను! పేరెందుకు మార్చాలో అది చెప్పు."

"రెండూళ్లు కలిపి ఒక నగరం చేశారుగా. ఆ ఊళ్లోనూ ఓ హాల్వర్సన్ వీధి ఉంది, ఎవరో మిల్లు యజమాని పేరట. మా పాపకి ఊపిరాడక ఫోన్ చేస్తే అంబులెన్స్ అక్కడికి పోయింది."

ఆయన చేతిలో బ్రష్ ఆగింది.

"బాగా ఆలస్యమైందా?"

"దాని పెదాలు నీలంగా మారేంత."

"ఇప్పుడెలా ఉంది?"

"ఇవాళ్టికి బాగుంది. అది దగ్గితే చాలు, నా ఊపిరి ఆగుతుంది."

"ఆ మిల్లాయన పేరే మార్చొచ్చుగా?"

"అక్కడన్నీ షాపులు. కోర్టుకెక్కుతారట, ఏళ్లు పడుతుందట. అంతదాకా మా పాప ఆగి దగ్గుతుందా?"

"ఆగదు" అన్నాడాయన.

బ్రష్ చంకలో పెట్టుకుని మెల్లగా వెళ్లిపోయాడు. గెలిచినట్టనిపించింది డెనీస్‌కి. ఆ వెంటనే ఎందుకో గెలవనట్టూ అనిపించింది.

కౌన్సిల్ సమావేశానికి ఆమె మాటలన్నీ సిద్ధం చేసుకుని వెళ్లింది. అవతలివాళ్లు రాతి మనుషులనుకుంటే తప్ప ఆమెకు ధైర్యం రాదు. కాబట్టి అలాగే అనుకుంది.

ముందు వరుసలో పతకాలు పెట్టుకున్న ముసలివాళ్లు కూర్చున్నారు.

"వీధి పేరు మార్చడానికి అభ్యంతరం ఉన్నవాళ్లు లేవండి" అన్నాడు మేయర్.

ఒక్కరూ లేవలేదు. సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఆమె గొంతులోనే మిగిలిపోయాయి.

బోర్డు దించే రోజున కౌన్సిలర్ గార్విన్ వచ్చింది. పనివాళ్లు విప్పుతుంటే డెనీస్ ఆమె పక్కన నిలబడింది.

"ఆ సంఘం వాళ్లు నోరెత్తలేదేంటి మేడమ్?"

"నీకు తెలీదా? పువ్వున్న బోర్డుని ఆ సైనికుడి ఇంటివాళ్లు ఒప్పుకోనిదే ఎవరూ ముట్టుకోకూడదు. ఆ కుర్రాడి నాన్న ఒప్పుకున్నాడు. నోరెత్తొద్దని సంఘం వాళ్లని బతిమాలిందీ ఆయనే."

"ఆయనా! నేనెప్పుడూ చూడనేలేదే?"

"చూడకేం. బ్రష్ పట్టుకుని రోజూ వచ్చేవాడుగా."

బోర్డు కిందికి దిగింది.

"ఏదైనా పార్కుకి ఆ కుర్రాడి పేరు పెడతామన్నాం. ఎప్పటికవుతుందో మాకే తెలీదు. 'ముందు పాప సంగతి చూడండి' అన్నాడు."

"ఎక్కడుంటాడాయన? ఒక్కసారి కలవాలి."

"కూతురి దగ్గరికెళ్లిపోయాడు. ఇక్కడుండి ఏం చేస్తాడమ్మా? కొడుకు హెలికాప్టర్ సముద్రంలో కూలిపోయింది, శవం కూడా దొరకలేదు... ఆయనకున్న సమాధి ఈ బోర్డొక్కటే."