మూసిన తేదీ

"యాడ జేసిన్రో చెప్పన్నా, గంతే." అఫ్జల్‌గంజ్‌లో కొన్న పాత గిటారును ఎల్లప్ప తెచ్చి, మొఘల్‌పురాలో వాయిద్యాలు బాగుచేసే దేవదానం చేతిలో పెట్టి వెళ్లాడు.

తయారుచేసినవాడి చీటీని ఎవరో గీకేశారు. గల్లీ సద్దుమణిగాక దేవదానం తీగలు విప్పి, వెనక చెక్క ఊడదీశాడు. ఈ పనివాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. వాయిద్యం తెరిచినవాడు లోపల పెన్సిలుతో తన పేరు, తెరిచిన తేదీ రాయాలి. మళ్లీ అతికించే ముందు పక్కనే మూసిన తేదీ వేయాలి. అలవాటుకొద్దీ అతను ముందే రాసేశాడు: దేవదానం, 9-8-74.

ఆ తర్వాతే లాంతరు దగ్గరికి జరిపి పాత పేర్లు చదివాడు. ఐదున్నాయి. చివరిది తన ఉస్తాదు యాకూబ్ సాబ్‌ది. పదేళ్ల కింద, ఒక రాత్రి పని మధ్యలో లేచి ఎటో పోయి, మళ్లీ రాని మనిషి. ఐదుగురూ తెరిచిన తేదీ రాశారు. మూసిన తేదీ ఒక్కరూ వేయలేదు.

మరి ప్రతిసారీ దీన్ని మూసిందెవరు?

లోపలి గదిలోంచి భార్య రాహేలు నిద్రమత్తుగా అడిగింది. "ఏందయ్యా, గప్పుడే మూస్తున్నవా? జిగురు ఉడికిన వాసనొస్తున్నది."

దేవదానం పొయ్యి ఇంకా ముట్టించనే లేదు.