చొక్కా గుండీ అంత

వదినకి,

మీ మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయి? అన్నయ్యగారి దగ్గు తగ్గిందా? కోడలికి వాంతులు ఆగాయా?

మీ తమ్ముడి ఊపిరితిత్తిలో గడ్డ చొక్కా గుండీ కంటే చిన్నదని, ఆ మోకాళ్లతో మీరు రావద్దని పోయిన కార్డులో రాశాను. నాదే తప్పు వదినా. మీకు రాశాను గానీ ఆయనకు చెప్పలేదు. ఎక్స్‌రే చూసి, వెంటనే స్కాన్ తీయించమని డాక్టరు రాసిచ్చిన చీటీని గుండీల డబ్బాలో దాచాను. ఎక్స్‌రే మీద టేపు పెట్టి నేనే కొలిచాను. ఇంత దానికి ఆయన్ని హడలగొట్టడమెందుకు అనుకున్నాను. మూడు నెలలుగా నడుం నొప్పి అంటుంటే, కుట్టుమిషను ముందు కూర్చున్నందుకేనని తైలం రాశాను.

మొన్న లేవలేకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాను. స్కాన్ చూసి డాక్టరు నాలుగో దశ అన్నాడు.

"గుండీ అంత లేదు కదా నాయనా! నాలుగో దశ ఎలా అవుతుంది?" అని తగువు పెట్టుకున్నాను.

"సైజు ఒక్కటే చూడం పెద్దమ్మా, ఎక్కడిదాకా పాకిందో చూస్తాం. ఇది చిన్నగానే ఉండి వెన్నెముకలోకి పోయింది."

ఇంటికొచ్చాక ఏడుస్తూ చీటీ సంగతి ఆయనకు చెప్పేశాను.

"దర్జీ మొగుడికి తెలియకుండా గుండీల డబ్బాలో దాస్తావుటే? ఆ రోజే చదివాను. అసలే బెంగ మనిషివి, నాకు తెలిసిందంటే అన్నం మానేస్తావని ఊరుకున్నా" అన్నారు.

ఇప్పుడు మిమ్మల్ని చూడాలంటున్నారు. ఆదివారం, పదకొండో తారీకు, పొద్దుటి బస్సుకి రండి వదినా.