రివాల్వరు చెయ్యి

"నువ్వే కాల్చినావు. రాజీనామా రాసిచ్చి పో. పోలీసుల దాకా పోనియ్యను."

వెంకటేశప్ప కుడిచేత్తో తెల్లకాగితం ముందుకు తోశాడు. క్యాతగానచెర్లు దగ్గర సోలారు పార్కులో కాపలా కాంట్రాక్టు ఆయనది. ఎదురుగా నిలబడ్డ బొమ్మన్న గేటు దగ్గర గన్‌మ్యాను. చచ్చింది కాటమ్మ కుక్క.

కాటమ్మ ప్యానెళ్ళ కింద గొర్రెలు మేపుకుంటుంది. నిన్న పొద్దు వాలే వేళ తుపాకీ చప్పుడు విని పరుగెత్తుకొచ్చింది. ఆఫీసు వెనక మట్టిదిబ్బ దగ్గర కుక్క పడి ఉంది. మనిషి జాడ లేదు. నేల మీద ఇత్తడి తూటా గుల్ల ఒకటి దొరికింది. కొంగున ముడేసుకుని తెచ్చి, ఇప్పుడు బల్ల మీద పెట్టింది.

"నా రివాల్వరు గుల్లల్ని బయటికి ఉమ్మదు సార్," అన్నాడు బొమ్మన్న. "కాల్చినా కడుపులోనే పెట్టుకుంటాది. మనమే తీసి పారెయ్యల్ల."

"నాకు చెప్తావా? నా ఇంట్లో లేదా రివాల్వరు? అందుకే నువ్వు నీది ముట్టుకోలేదు. ఓబులేషు పిస్తోలు తీసినావు."

పక్కనే నిలబడ్డ ఓబులేషు రెండో గన్‌మ్యాను. మిలిటరీ నుంచి వచ్చాడు. వాళ్ళ నాయన కాలం నాటి పిస్తోలు అతనిది, పాతదైనా గడియారంలా పనిచేస్తుంది. నిన్న నాగలమడికలో నిశ్చితార్థం ఉందని, దాన్ని ఆఫీసు బీరువాలో పెట్టి వెళ్ళాడు.

వెంకటేశప్ప లెక్క సూటిగా ఉంది. డ్యూటీ బొమ్మన్నది. బీరువా తాళంచెవి బొమ్మన్న మొలతాడుకుంది, రెండోది వెంకటేశప్ప ఇంట్లో భద్రంగా ఉంది. ఆ కుక్కకు బొమ్మన్నంటే పడదు. అన్నీ కూడితే వచ్చే మొత్తం ఒకటే.

కాటమ్మకూ ఆ మొత్తం తప్పనిపించలేదు. "దాని మీద నీకు కసి లేదా బొమ్మన్నా? నిజం చెప్పు."

"ఉండాది. నా ప్యాంటు చించింది. రాయి ఏసినా. రాయి ఏసినోడు గుండు ఏస్తాడా కాటమ్మా?"

"ఏసేటోడు ఏస్తాడు."

బొమ్మన్న నుదురు తుడుచుకున్నాడు. "పని పోతే పోనీ. కుక్కను కాల్చినాడని పేరు పడితే లైసెన్సు పోతాది. లైసెన్సు పోయిన ముసలోన్ని ఏ గేటు కాడ నిలబెడతారు?"

కాటమ్మ ఆయన మొహం వైపు చూస్తూనే ఉంది. సంతలో గొర్రె నోరు తెరిచి పళ్ళు చూడందే బేరానికి దిగే మనిషి కాదు.

"ఆ పిస్తోలు ఈయప్ప చేతికియ్యి. నా ముందర కాల్చమను. తెలిసిన చెయ్యో కాదో చూస్తా."

"తూటా ఊరికే వస్తాదా?" వెంకటేశప్ప కసిరాడు. "అయినా రాదన్నట్టు నాటకమాడితే ఏం చేస్తావు?"

"గొర్రె పళ్ళు అరగదీసి లేతదని అమ్మజూసినోళ్ళను చూసినానప్పా. నాటకం నాకు తెలుస్తాది."

"తూటా నాది సార్, నేను పెట్టుకుంటా," అన్నాడు ఓబులేషు. అతనికీ అనుమానంగానే ఉంది. తన వస్తువును ఇంకొకడు ముట్టుకున్నాడన్నదే మంట.

వెంకటేశప్పకు ఇష్టం లేదు. కానీ వద్దంటే బాగుండదు. అందరూ దిబ్బ దగ్గరకు నడిచారు.

బొమ్మన్న పిస్తోలును అటూ ఇటూ తిప్పి చూశాడు. "గుండ్రంగా తిరిగేది ల్యా దీనికి. తూటాలు యాడుంటాయప్పా?"

"పిడిలో మామా."

"పిడిలోనా!"

"చూడండి, చూడండి," అన్నాడు వెంకటేశప్ప. "సినిమాల్లోకి పోవాల్సినోడు."

కాటమ్మ పిస్తోలును చూడటం లేదు. బొమ్మన్న వేళ్ళను చూస్తోంది. ఆయన కుడిచేత్తో పిడి పట్టుకున్నాడు. ఎడమచెయ్యి దన్నుగా చేర్చి, ఆ బొటనవేలు పిస్తోలు వెనకనుంచి అడ్డంగా వేశాడు. ఓబులేషు ఏదో చెప్పబోయాడు. కాటమ్మ చెయ్యెత్తి ఆపింది.

పేలింది. గుండు దిబ్బకు తగలకుండా ఎక్కడికో పోయింది. గుల్ల చెవి పక్కనుంచి ఎగిరి పడింది. బొమ్మన్న "అబ్బా" అని చెయ్యి విదిలించాడు. ఎడమ బొటనవేలు వెనక చర్మం తెగి రక్తం కారుతోంది.

"నాటకానికి రక్తం కూడా పోసినాడు," అన్నాడు వెంకటేశప్ప.

"ల్యా సార్. ఇది నాటకం కాదు." ఓబులేషు గొంతు మారింది. "పేలగానే పైనున్న ఇనుము వెనక్కి తన్నుకొస్తాది. రివాల్వరులో అట్లా వెనక్కొచ్చే ఇనుము ఉండదు. అందుకే ఆ అలవాటున్నోళ్ళు బొటనవేలు ఆడ అడ్డం పెడతారు. చెప్పేవాళ్ళు లేకుండా తొలిసారి పట్టుకుంటే రివాల్వరు చేతిని ఇది కరవకుండా వదలదు."

"ఇప్పుడు కరిచింది సరే. నిన్న కరవలేదని ఏంది గ్యారంటీ?"

కాటమ్మ బొమ్మన్న చెయ్యి పట్టుకుని ఎండలో తిప్పి చూసింది. ఇప్పటి కోత తప్ప ఇంకో గీత లేదు.

"నిన్న ఈయప్ప దీన్ని పట్టలేదు," అంది.

"అయితే కేబులు దొంగలెవరో అయ్యుంటారు. పోనీలే, కుక్కే కదా. ఇంకోటి తెప్పిస్తా."

"బీరువా పగలగొట్టకుండా పిస్తోలు తీసుకుని, కాల్చి, మళ్ళా బీరువాలోనే పెట్టి పోతాడా దొంగ?" కాటమ్మ తన ఎడమచెయ్యి ముందుకు చాపింది. "ఈడుండేటోళ్ళం అందరం చూపిద్దాం. నాతోనే మొదలు."

ఓబులేషు చాపాడు, బొమ్మన్న రక్తం కారుతున్న చేతినే చాపాడు, వెంకటేశప్ప ఎడమచెయ్యి ఒక్కటే ప్యాంటు జేబులోంచి బయటికి రాలేదు.