మూడో చెవి

గట్టు మీద ఆకంతా పసుపు తిరిగి చచ్చిపోయింది.

రత్నమ్మ వంగి చూసింది. బోరు కాలువ పొడుగునా అంతే. మొగుడి కళ్లకున్న రంగే ఇప్పుడు ఆకుకీ వచ్చింది.

రోజూ ఆమె వచ్చేది తెల్లవారకముందే. వెలుతురు తగలకుండా, దీపం లేకుండా, చేత్తో తడిమి కోసుకోవాలి. అది నియమం. నిన్న నూరేటప్పుడు ఆకు వడిలినట్టు అనిపించినా, ఎండలు కదా అనుకుంది. ఇవాళే పొద్దెక్కాక వచ్చింది. రాత్రంతా మొగుడు కరుణాకరం వాంతులు చేసుకుంటూనే ఉన్నాడు మరి.

నెల కిందట మార్కాపురంలో డాక్టరు స్కానింగు చూసి ముఖం చిట్లించాడు. లివర్ సగం పోయిందన్నాడు. తాగుడు మానితే, మాత్రలు సరిగ్గా మింగితే చూద్దామన్నాడు. పలకల గనిలో రాళ్లు మోసిన మనిషి గోడ పట్టుకుని నడవడం చూశాక, రత్నమ్మ మాత్రల మీదే నమ్మకం పెట్టుకుని కూర్చోలేకపోయింది. పసరు మందు ఇచ్చే పోలేరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"నా మోకాళ్లు గట్టెక్కవు పిల్లా. ఆకు చూపిస్తా, నువ్వే కోసి నూరుకో" అంది పోలేరమ్మ. "ఇది నాకు తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు. మూడో చెవిన పడిందా, మందు పారదు. తాగేవోడికి అసలే తెలియగూడదు."

రత్నమ్మ ఆ మాట తప్పలేదు. గట్టు మీదే చీకట్లో నూరుకుని తెచ్చి, పసరు అవ్వే నూరి ఇస్తోందని మొగుడికి చెప్పింది. అవ్వ ఇంటికి ఆ గట్టే అడ్డదారి. అతను మారు ప్రశ్న వెయ్యలేదు.

మూడు వారాల్లో కళ్లు తేటపడ్డాయి. ఉప్పు లేని పెరుగన్నం మారడిగి తిన్నాడు. మొన్న ఆదివారమైతే, ఆమె చర్చి నుంచి వచ్చేసరికి తలకు పోసుకుని, తన చొక్కా తానే ఉతికి దండెం మీద ఆరేసి, అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవురయ్యా ఈ పెండ్లికొడుకు?" అంది రత్నమ్మ.

"నీ మొగుడే. వేరేవోడు అనుకుంటివా?"

ఆ రాత్రి ఆమె మోకాళ్ల మీద కూర్చుని దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

మంగళవారానికి అంతా తిరగబడింది. వాంతులు. నోరంతా పొక్కింది. కళ్లు మళ్లీ పచ్చబడ్డాయి. రత్నమ్మ హడలిపోయి ఒక పూట ఇచ్చే పసరు రెండు పూటలా పట్టింది. ఇవాళ శుక్రవారం. మనిషి మంచానికి అతుక్కుపోయాడు. ఆకు చూస్తే ఇలా అయింది.

ఆమె గట్టు మీద పడుతూ లేస్తూ పోయి పోలేరమ్మ గడపలో కూలబడింది.

"ఆకు చచ్చిపోయింది అవ్వా!"

ముసలామె ముఖం మాడిపోయింది. "ఎవురికి చెప్పినావే?"

"యేసయ్య మీద ఒట్టు. నోరు మెదపలేదు."

"మెదపకుంటే ఎందుకు చస్తాది? నలభై ఏండ్లలో నేను చూడలేదే ఇట్ల! నిద్దర్లో పలవరించినావేమో గుర్తు చేసుకో."

రత్నమ్మ ఆమె కాళ్లు పట్టుకుంది. "ఇంకో చోట చూపియ్యి అవ్వా. అర్ధవీడు అవతలైనా సరే, నడిచి పోతా."

"ఈ ఎండలకు యాడుంటాది? నీళ్ల తడి ఉంది కాబట్టి ఆ గట్టున బతికింది." పోలేరమ్మ ఆమెను లేపి కూర్చోబెట్టింది. "ఇంట్లో ఏమన్నా మిగిలిందా?"

"నిన్న కోసింది నూరి పెట్టినా. అరగ్లాసు ఉంది."

"అదే ఆఖరు. చుక్క పోనీకుండా పట్టు. పట్టి నూట ఎనిమిదికి ఫోను చెయ్యి. నా చేతుల్లో ఇంకేమీ లేదు."

రత్నమ్మ దారిలోనే ఫోను చేసింది. బండి గిద్దలూరు నుంచి రావాలట, గంట పడుతుందట. ఇంట్లోకి వస్తూనే గ్లాసు అందుకుంది.

"వద్దే" అన్నాడు కరుణాకరం. "గొంతు మండుతాంది. వాసన కూడా అదోలా ఉంది."

"ఈ ఒక్కసారికి. నా మొగం చూసి తాగయ్యా."

అతను ఆమె ముఖం చూశాడు. తాగాడు. ఆమె అడుగున మిగిలింది కూడా వేలితో తీసి నాలుక మీద రాసింది. అప్పుడు పగిలింది ఏడుపు.

"ఏమైందే? ఎందుకట్ల ఏడుస్తావు?"

చెప్పకూడదు. కానీ దాచి మాత్రం ఇంక ఏం మిగిలింది?

"గట్టు... ఆ గట్టంతా మాడిపోయిందయ్యా."

కరుణాకరం పొక్కిన పెదాల మీద చిన్న నవ్వు మెరిసింది. ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"ఇప్పటికి చూసినావా? నా పసరు కోసం రోజూ చీకట్లో, వట్టి కాళ్లతో ఆ మోకాలెత్తు గడ్డిలో పడి అవ్వ ఇంటికి పోతావుంటివి, ఏ పురుగో పుట్రో కరుస్తాదేమోనని నాకు నిద్ర పట్టేది కాదే... అందుకే ఆదివారం నువ్వు చర్చికి పోయినాక, పక్క చేను అంజయ్య మామ దగ్గర పంపు అడిగి తెచ్చి, గట్టు పొడుగునా గడ్డిమందు కొట్టింది నేనే."