ఇల్లాలి మొక్కు, మగడి తల

“నీ మొక్కుకీ నా తలకీ ఏమిటే సంబంధం?” అన్నాడు సెలూన్ ఆయన, కల్యాణకట్ట గుమ్మంలో కాళ్లు నిలదొక్కుకుని.

భార్య తలనీలాల టోకెనూ, దాంతోపాటు ఇచ్చిన సగం బ్లేడూ ఓ చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అతని చొక్కా లాగుతోంది. తేరు చూసొద్దామని బస్సెక్కించి, కొండ మీదికొచ్చాక అసలు సంగతి బయటపెట్టింది. మొగుడి జుట్టు ఇస్తానని కిందటేడే దేవుడికి మాటిచ్చేసిందట. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు లేదూ?

అది అలాంటిలాంటి జుట్టు కాదు. యాభైకి దగ్గర పడ్డా నుదుటి మీద అలలా లేచి వెనక్కి వాలుతుంది. పొద్దున్నే షాపు తెరిస్తే మొదటి దువ్వెన దానికే. కుర్చీలో కూర్చున్న కుర్రాడు అద్దంలో తన మొహం కన్నా ముందు ఆ జుట్టు చూసి, నాకూ అలాగే కొట్టమంటాడు. ఆ షాపుకి బోర్డు లేదు, ఇంతవరకూ అవసరమూ పడలేదు. పైగా ఎదురు వరసలో ఈమధ్యే ఒకడు ఏసీ పెట్టి కొత్త సెలూన్ తెరిచాడు. ఇప్పుడు బోడిగుండుతో వెళ్లి కత్తెర పట్టుకుంటే, పళ్లూడినవాడు పళ్లపొడి అమ్మినట్టే.

కావాలంటే పొర్లుదండాలు పెడతానన్నాడు. కొండంతా మోకాళ్ల మీద ఎక్కి దిగుతానన్నాడు. ఆమె అన్నిటికీ తల అడ్డంగా ఊపింది.

“పోనీ, దేనికి మొక్కావో అదైనా చెప్పి చావు.”

“తీరేదాకా చెప్పకూడదయ్యా. తెలిసీ అడుగుతావేం?”

నిజమే, అతనికీ తెలుసు. ఆ కొండ మీది దేవుడు మెడ ఓ పక్కకి వంచి, ఒక చెవి జనం వైపు పెట్టి నిలబడి ఉంటాడు. వెనకటికి మాట రాని పిల్ల ఒకతె వచ్చి ఊరికే పెదవులాడిస్తే, ఏమంటోందో విందామని వంగాడట. మళ్లీ నిటారుగా నిలబడలేదట. తేరెక్కే విగ్రహానికీ అదే వంపు. అందుకని అక్కడ మొక్కు గుసగుసగా ఆయన చెవిలోనే చెప్పుకోవాలి. తీరకముందు ఇంకో చెవిన పడితే ఆయన మెడ తిప్పేసుకుంటాడని అందరి భయం.

వెనక లైన్లో వాళ్లు విసుక్కోవడం మొదలెట్టారు. లోపల పీట మీద కూర్చున్న గుండ్లాయన కత్తి తుడుచుకుంటూ ఈ తగువంతా విన్నాడు. విని విని ఇక ఉండలేక కలగజేసుకున్నాడు.

“నా మాట విను బావా. ఆడమనిషి తన కోసం మొక్కితే తన జుట్టే ఇస్తుంది. మొగుడి జుట్టు ఇస్తానందంటే, అది మొగుడి ప్రాణం మీదికొచ్చినప్పుడు మొక్కిందే. ఎన్ని చూశాను ఇక్కడ.”

సెలూన్ ఆయన చొక్కా విడిపించుకోవడం మానేశాడు.

కిందటి వానాకాలం కళ్ల ముందుకొచ్చింది. జ్వరం తలకెక్కి, ఆసుపత్రి మంచం మీద తనెవరో తనకే తెలియకుండా పడున్నాడు. ఎప్పుడు కళ్లు విప్పినా ఎదురుగా ఇదే మొహం. తిండీ నిద్రా లేక, పీక్కుపోయి. అంతటి గండానికి ఈ పిచ్చిది గుప్పెడు వెంట్రుకలతో బేరం కుదుర్చుకొస్తే, తను గుమ్మంలో నిలబడి రంకెలేస్తున్నాడు. తల కొట్టేసినట్టయింది. ఇక మిగిలింది జుట్టు కొట్టేయడమే.

వెళ్లి పీట ముందు కూలబడ్డాడు. అయినా వృత్తి ఎక్కడికి పోతుంది?

“నీళ్లు బాగా పట్టించు. మెడ దగ్గర సుడుంది, కత్తి ఎదురు పెట్టకు.”

“నీ షాపులో నువ్వు చెప్పు, నేను వింటాను. ఇక్కడ తల వంచు బావా,” అన్నాడు గుండ్లాయన.

వంచాడు. ఆ అల కాస్తా ఒళ్లో వచ్చి పడింది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నేల మీద పడ్డ జుట్టంతా ఆమె పోగుచేసి, కళ్లకద్దుకుని, హుండీలో వేసొచ్చింది.

స్నానం చేసి బయటికొచ్చారు. వీధి చివర తేరు మలుపు తిరుగుతోంది. ఆ సందట్లోనే ఆమె అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, గుండుకి చల్లగా గంధం రాసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ చెయ్యి ఇంత మెత్తగా ఉంటుందని అతనికి తెలియలేదు. కళ్లు చెమ్మగిల్లాయి. ఆ చేతిని పట్టుకున్నాడు.

“మొక్కు తీరిపోయిందిగా, ఇప్పుడు చెప్పు. జ్వరంలో నేను పోతాననుకున్నావా?”

“ఛ, అవేం మాటలు. జ్వరం సంగతి డాక్టరు చూసుకున్నాడుగా,” అంది ఆమె, చెవి వెనక గంధం సర్దుతూ. “జ్వరం తగ్గాక నీ జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంటే, నువ్వు అద్దం ముందు దిగాలుగా నిలబడటం చూడలేకపోయానయ్యా. ఇకమీదట ఒక్క వెంట్రుక కూడా ఊడకుండా నిలబెట్టు స్వామీ, ఉన్నదంతా నీకే ఇచ్చుకుంటానని మొక్కాను.”